తమ్ముడి మీద రాసిన పేజీన్నర

ఆ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం రెండో అంతస్తులో, పొడవాటి వరండా చివర ఉండేది. మెట్ల పక్కన, ఒకప్పుడు మందుల పెట్టెలు పడేసుకోవడానికి కట్టిన ఇరుకు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడ పొడుగునా ఫైళ్ళ అరలు. పదిహేడేళ్ళుగా ఆ గదిలో ఒకే మనిషి కూర్చునేది. డాక్టర్లు గిలికి పడేసిన కాగితాలనూ, ఫోన్‌లో గబగబా చెప్పి పంపిన మాటలనూ శుభ్రమైన ఇంగ్లీషులో టైపు చేసి ఫైల్లో పెట్టడం ఆమె పని. అందరూ ఆమెను టైపమ్మ అనేవారు. వేళాకోళంగా మొదలైన పిలుపు చివరికి హాజరుపట్టీలో ఉన్న అసలు పేరును మింగేసింది.

చేరిన కొత్తల్లో ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. అక్షరం తప్పు పోకుండా కొట్టగలదు, అర్థం మాత్రం తెలియదు. 'పేషెంట్ ఈజ్ లో' అని ఉంటే, దిగులుగా ఉన్నాడని తెలియక, పాపం పొట్టివాడు కాబోలు అనుకుంది. 'అఫెక్ట్ ఫ్లాట్' అని ఉన్నచోట, ఆ మనిషికి సొంత ఫ్లాటు ఉందన్న సంగతి డాక్టరుగారు పొరపాటున అక్కడ రాశారనుకుని, తీసుకెళ్ళి అడ్రసు గడిలో చేర్చింది. అది చూసి వార్డు పెద్ద నర్సు కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇల్లు కాదే తల్లీ. ముఖంలో ఏ భావమూ లేదని. ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉందని అర్థం," అంది. ఆ రోజే టైపమ్మ ఒక నోటుబుక్కు కొనుక్కుంది.

ఆ నోటుబుక్కు నిండింది, రెండోదీ నిండింది. ఒక్క కోపానికే అక్కడ ఎన్ని మాటలో. చిటపటలాడితే ఒకటి, మీదికొస్తే ఒకటి, కాలు నిలవక తిరిగితే ఇంకొకటి. ఏడుపులోనూ అంతే. ఊరికే కళ్ళు చెమర్చేవాడికీ, ఆపమన్నా ఆపలేనివాడికీ వేరువేరు మాటలున్నాయి. అరల్లో వరసగా పేర్చి, చీటీలంటించిన సీసాల్లాగా కనిపించేవి ఆమెకు. వాటిని ఎందుకంత ఇష్టపడిందంటే ఒక కారణం ఉంది. వాళ్ళ నాన్న నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరైనా అడిగితే అమ్మ "ఆయన అంతే" అని ఊరుకునేది. ఆ 'అంతే' కింద ఆ ఇల్లు పాతికేళ్ళు నలిగింది. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, ఎవరో ముక్కూ మొహం తెలియని రోగి గురించి నాలుగు లైన్లు టైపు చేస్తూ, ఇది మా నాన్నే కదా అనుకుని ఆమె ఆగిపోయింది. దానికి ఒక పేరుంది, మందుంది, ఒక వార్డే ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి తమ్ముడికి చెప్పుకుని ఏడ్చింది.

తమ్ముడు ఆమె కంటే ఎనిమిదేళ్ళు చిన్న. అమ్మ పోయాక ఆమే పెంచింది. పెళ్ళయ్యాక కూడా వదిలిపెట్టలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. ముందు గదిలో బావమరిదికి ఒక మంచం వేయడానికి ఆయన అడ్డు చెప్పలేదు. భార్య ఇంగ్లీషు మీద ఆయనకు సరదాగా ఒక ఫిర్యాదు ఉండేది. "నేను కాస్త గట్టిగా తుమ్మినా మా ఆవిడ నా మీద ఫైలు తెరుస్తుంది," అనేవాడు వచ్చినవాళ్ళతో. తమ్ముడు దానికి వంత పాడేవాడు.

తమ్ముడు ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపులో పనిచేసేవాడు. నాలుగు మూలలూ వెంట్రుక దూరనంతగా కలిపేవాడు. గాజును ఒక్క గీతతో, చప్పుడు లేకుండా విరిచేవాడు. షాపుకు వచ్చిన ఫోటోల్లోని మనుషులకు అన్నం తింటూ మాటలు పెట్టేవాడు. ఈ పెళ్ళికొడుకు చెప్పులు కరుస్తున్నాయి చూడు బావా, ఈ పెద్దాయన ఫోటోగ్రాఫర్ని అప్పుడే తిట్టాడు, అంటూ. చిన్నప్పటినుంచీ అంతే. అక్క తిట్టడం మొదలుపెడితే చాలు, గుండె పట్టుకుని నాలుక బయటపెట్టి నేలమీద చచ్చిపోయేవాడు. ఆమె నవ్వేదాకా లేచేవాడు కాదు. ఇల్లంతా గోడవైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆ ఇంట్లో నవ్వు పుట్టిందంటే వాడి వల్లే.

వాడికి ముప్ఫై నాలుగేళ్ళున్నప్పుడు ఒక పెద్దావిడ షాపుకు ఒక ఫోటో తెచ్చింది. ఏడేళ్ళ పాప, ముందు పళ్ళు లేకుండా నవ్వుతోంది. పాప పోయి ముప్ఫై ఏళ్ళు దాటిందట. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. అంచులు నలిగాయి, కాస్త కత్తిరించి కట్టమంది. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తుండగానే స్కేలు మీద బ్లేడు జారింది. పాప చెవి దగ్గర మొదలై గడ్డం దాకా తెగింది. ఆవిడ అరవలేదు. రెండు ముక్కలూ తీసుకుని, చీర కొంగుతో తుడిచి, చేతిసంచిలో పెట్టుకుంది. "కావాలని చేశావా నాయనా. పోనీలే," అని వెళ్ళిపోయింది. ఎక్కడుంటుందో కూడా ఎవరికీ తెలియదు. ఆవిడ తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి అక్కా, అన్నాడు తమ్ముడు ఇంటికొచ్చి.

ఆ తర్వాత వాడు కొంచెం కొంచెంగా తగ్గిపోయాడు. మొదట మాటలు పోయాయి, తర్వాత తిండి. ఆమె వంటింట్లో కూరలు తరుగుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు.

"దిగులు కాదక్కా ఇది," అన్నాడు ఒకరోజు. "దిగులైతే దేనికో ఒకదానికి ఉంటుంది. ఇది దేనికీ కాదు. పొద్దున నేను కళ్ళు తెరిచేసరికి నాకంటే ముందే లేచి మంచం మీద కూర్చునుంటుంది."

ఆమె కత్తి ఆపింది. "దీన్ని లో మూడ్ అంటార్రా. మరీ పెందలాడే మెలకువ రావడం కూడా అందులో భాగమే. మందులున్నాయి."

"పేరుందా దీనికి?"

"ఉంది."

"అయితే సరే," అన్నాడు వాడు. ఆ మాటలో కాస్త ఆశ ఉన్నట్టు ఆమెకు తోచింది. లెక్క తేలిన పిల్లలా ఆమె మనసు తేలికపడింది. వాడు ఇంకేదో చెప్పబోయి ఆగాడన్నది గమనించలేదు.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం వాడు షాపులో ఉన్న గాజు పలకలన్నీ ఒక్కటొక్కటిగా నేలకేసి కొట్టాడు. కోపంగా కాదట, ఏదో పని చేస్తున్నట్టు, వరసగా. యజమాని మంచివాడు, పోలీసుల్ని పిలవకుండా ఇంటికి పంపాడు. ఇక ఇంటిపట్టున ఉండిపోయాడు. కొన్నాళ్ళకు అదీ లేదు. పొద్దున్నే వెళ్ళి మేడమెట్ల మధ్యలో కూర్చునేవాడు. పైకి రమ్మంటే రాడు, కిందికి దిగమంటే దిగడు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ వాణ్ణి దాటుకుంటూ వెళ్ళాలి. ఎవరైనా గట్టిగా అంటే తల గోడకేసి కొట్టుకునేవాడు. నెల తిరిగేసరికి భర్త ఓపిక కూడా సన్నగిల్లింది. "నలుగురూ చూసేచోటే ఎందుకు కూర్చోవాలి? ఏమంటారు దాన్ని, అటెన్షన్ సీకింగ్. నువ్వే కదా మొన్న మీ వార్డులో ఎవరి గురించో చెప్పావు," అన్నాడు. ఆమె కాదనలేదు. అలసిపోయి ఉంది. ఆ మాట అప్పటికి సరిగ్గా అతికినట్టు కూడా అనిపించింది.

ఒక సోమవారం తన ఆస్పత్రికే తీసుకెళ్ళింది. కుర్ర డాక్టరు ఎదుట నలభై మంది ఉన్నారు. దగ్గరివాళ్ళు చెప్పే వివరాలు రాసుకునే ఫారం ఒకటి తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. "మీకు నేను చెప్పాలా మేడం? మీరే టైపు చేసి తెచ్చేయండి."

తన గదిలోకి వెళ్ళి కూర్చుంది. తమ్ముడు తలుపు బయట బల్ల మీద ఉన్నాడు. అరగంటలో పేజీన్నర కొట్టింది. పదిహేడేళ్ళ చదువంతా వేళ్ళ చివర్లకు వచ్చేసింది. మెట్లమీద కూర్చోవడానికి ఒక మాట దొరికింది, గాజు పగలగొట్టడానికి ఒక మాట, అన్నం మానేయడానికి ఒక మాట. చిన్నప్పుడెలా ఉండేవాడన్న గడి దగ్గర కాసేపు ఆగింది. ఉత్త నాటకాలోడండీ, చచ్చిపోయినట్టు పడిపోయి నవ్వించేవాడు అని మనసులో అనుకుంది. ఆ ముద్దు మాటను ఇంగ్లీషులో పెట్టబోతే తనకు వచ్చిన మాట ఒకటే. హిస్ట్రియానిక్. దాని పక్కన 'అటెన్షన్ సీకింగ్ ధోరణి ఉంది, చిన్నతనం నుంచీ' అని చేర్చింది. స్పెల్లింగు చూసుకుని ప్రింటు తీసింది. కుర్ర డాక్టరు చదివి, మా జూనియర్లు కూడా ఇంత బాగా రాయరు మేడం అన్నాడు. ఆమెకు గర్వమే కలిగింది. తర్వాతి రోజుల్లో ఆమెను కాల్చుకుతిన్నది తమ్ముడి జబ్బుకన్నా ఆ గర్వమే.

వార్డులో చేర్చుకున్నారు. పెద్ద డాక్టరు వారానికి రెండుసార్లు రౌండ్లకు వచ్చేవాడు. ఒక్కో మంచం దగ్గర నాలుగు నిమిషాలు, అందులో రెండు ఫైలుకే పోయేవి. పైన ఉన్నది టైపమ్మ పేజీ. తమ్ముడు ఏడిస్తే పెద్ద డాక్టరు, చూశారా నాటకం అన్నట్టు పక్కవాళ్ళకేసి చూసి తల ఊపేవాడు. ఏడవకపోతే ముడుచుకుపోయాడని రాసేవారు. మాత్రలు వేసుకుంటే చేతులు వణుకుతున్నాయి, ఈ చేతులతో రేపు గాజెలా కోస్తాను, వద్దన్నాడు. మందులకు సహకరించడం లేదని రాశారు. ఆ పెద్దావిణ్ణి ఒక్కసారి వెతికిపెట్టండి, రెండు ముక్కలూ వెనక నుంచి అతికిస్తాను, గీత కనపడనివ్వను అని బతిమాలాడు. తన స్థితి తనకు తెలియడం లేదని రాశారు. అవన్నీ శుక్రవారం శుక్రవారం ఆమె గదికే వచ్చేవి. తమ్ముణ్ణి తనే టైపు చేసేది. ప్రతి వారం తన మాటే తిరిగొచ్చేది, ఇంకాస్త గట్టిపడి. ఆమె 'ధోరణి ఉంది' అని రాసినచోట మూడో వారానికి 'స్వభావం' అయింది. ఐదో వారానికి జబ్బు పేరు గడిలోకే ఎక్కింది.

మధ్యాహ్నం తిండి వేళకు వాడి మంచం దగ్గరికి వెళ్ళేది. ఒకరోజు వాడు అడిగాడు.

"అక్కా, హిస్ట్రియానిక్ అంటే ఏంటి? ఫైల్లో తలకిందులుగా చదివాను."

"మనసులో ఉన్నవన్నీ ఎక్కువగా బయటపెట్టడం."

"మంచిదేగా మరి. చెప్పమనే కదా వాళ్ళు అడిగేది."

ఆమె మాట మార్చింది. నెల తర్వాత రెండు రోజులకని ఇంటికి పంపినప్పుడు, ఆమె స్నానానికి వెళ్ళిన వేళ వాడు నిఘంటువు తీసి చూసుకున్నాడు. ఆమె వచ్చేసరికి అది మంచం మీద, 'నలుగురి దృష్టి కోసం నాటకమాడే' అన్న అర్థం దగ్గర తెరిచి ఉంది. వాడి గొంతులో కోపం లేదు.

"ఇది నువ్వు రాసిందేనా?"

ఆమె తల ఊపింది.

"నేను చచ్చిపోయినట్టు పడుకుంటే నువ్వు నవ్వేదానివి," అన్నాడు. "నువ్వు నవ్వుతావనే కదక్కా."

రెండు రోజులూ అయ్యాక వార్డుకు తిరిగి వెళ్ళాడు. ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

సోమవారం ఆమె కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ పేజీ తప్పు, తీసేయమని అడిగింది. అతను చెడ్డవాడు కాదు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, రికార్డులోకి ఎక్కింది తీయడం కుదరదు మేడం, కావాలంటే ఇంకో కాగితం చేర్చండి అన్నాడు. ఆమె మూడు రాత్రుళ్ళు కూర్చుని తెలుగులో రాసింది. నాన్న గోడవైపు తిరిగి పడుకోవడం, ఆ నిశ్శబ్దంలో ఒక పసివాడు నేలమీద పడి నాలుక బయటపెట్టడం, పాప ఫోటో, చీర కొంగు. ఉన్నదున్నట్టు. ఆరు పేజీలైంది. శుక్రవారం నాటి కాగితాల్లో దాని సారాంశం పెద్ద డాక్టరు చేతిరాతలో రెండు లైన్లుగా వచ్చింది. అక్కకు రోగితో అతి మమకారం, అపరాధ భావన, చెప్పే వివరాలు నమ్మదగినవి కావు. ఆ రెండు లైన్లూ ఆమే టైపు చేసింది. చేయనంటే ఏం చెప్పాలో తెలియలేదు. 'నమ్మదగినవి కావు' దగ్గర ఒక అక్షరం తప్పు పడితే వెనక్కి వెళ్ళి దిద్దింది కూడా.

ఆ మర్నాడు ఆమె పదిహేడేళ్ళలో చేయని పని చేసింది. ఫైల్లోంచి ఆ పేజీన్నరా లాగి, మడిచి, రవికలో పెట్టుకుని ఇంటికి తెచ్చి పొయ్యి మీద కాల్చేసింది. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. కిటికీ తెరిచాడంతే, పొగ పోవడానికి.

మూడు రోజులు ఆమెకు హాయిగా నిద్రపట్టింది. నాలుగో రోజు పెద్ద నర్సు ఆమెను వరండా చివరికి పిలిచి మెల్లగా చెప్పింది. రౌండ్లలో ఫైలు చూసుకుని కాగితం లేదని గుర్తుపట్టారట. అయినా నష్టం ఏమీ లేదట, కంప్యూటర్లో ఒకటి, పై ఆఫీసులో ఒకటి, పిల్ల డాక్టర్లకు పాఠం చెప్పడానికి తీసుకున్న జిరాక్సులు పన్నెండు ఉన్నాయట. చక్కగా రాసిన వివరాలకు ఉదాహరణగా చూపిస్తున్నారట దాన్ని.

"పాఠానికా?" అంది టైపమ్మ.

"పేరు కొట్టేసే ఇచ్చారులే," అంది పెద్ద నర్సు. ఓదార్పుగానే అంది పాపం.

విచారణ అంటూ పెద్దగా జరగలేదు. ఇన్నేళ్ళ సర్వీసు చూసి ఉద్యోగం ఉంచి, కింది అంతస్తులో ఎక్స్‌రే కౌంటరుకు మార్చారు. అక్కడ మోచేయి, మోకాలు, నడుము, ఛాతీ. ఎడమా కుడీ తప్పితే అనుమానం వచ్చే మాటే లేదు. మెట్ల పక్క గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది. చురుకైన పనిమంతురాలు, రోజుకు ముప్ఫై ఫైళ్ళు కొట్టేస్తుందని చెప్పుకునేవారు.

తమ్ముణ్ణి ఎక్కువకాలం ఉండేవాళ్ళ ఆశ్రయానికి పంపాలని ఆ నెలలోనే నిర్ణయించారు. ఇంటికే తెచ్చుకుంటానంది ఆమె. అప్పుడు భర్త మొదటిసారి ఆమె ఎదుట ఏడ్చాడు. పొద్దస్తమానం లిఫ్టు గోతుల్లో వేలాడేవాణ్ణి, ఇంట్లో ఏం జరుగుతుందోనని చేతులు వణుకుతుంటే ఏదో ఒకరోజు నేను పడిపోతాను అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. తమ్ముడు ఆ మాటలు విన్నట్టున్నాడు. "వెళ్తాలే బావా," అన్నాడు.

ఆ ఆశ్రయం బస్సులో గంటన్నర దూరం. ఊడ్చిన నేల, మందు నీళ్ళ వాసన, పన్నెండు మంచాల గదులు. మొదటి ఏడాది వాడు గొడవపడ్డాడు, మాత్రలు ఉమ్మేశాడు, రెండుసార్లు గోడ దూకబోయాడు. ప్రతిసారీ మోతాదు పెంచారు. రెండో ఏడాదికి ఆ సంగతి వాడికి బోధపడింది. ఏ మాటకు మోతాదు పెరుగుతుందో, ఏ మాటకు తగ్గుతుందో నేర్చుకున్నాడు. అవన్నీ ఇంగ్లీషు మాటలే.

ఆమె వారం విడిచి వారం ఆదివారాలు వెళ్ళేది. నాలుగో ఏడు ఒక ఆదివారం వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. వాడు లావయ్యాడు. నెత్తిన జుట్టు పలచబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నా సన్నగా వణుకుతూనే ఉన్నాయి.

"ఎలా ఉందిరా?" అని అడిగింది.

"స్టేబుల్ అక్కా. మూడ్ ఓకే. స్లీప్ ఓకే. థాట్స్ ఏమీ లేవు."

"నన్ను డాక్టరనుకున్నావా? అక్కనిరా. లోపల ఎలా ఉందో చెప్పు. వెనకటిలాగా, మన మాటల్లో చెప్పు. పొద్దున లేచేసరికి ఏదో నీ మంచం మీద కూర్చునుంటుందనేవాడివి. ఇంకా వస్తోందా అది?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ప్రయత్నించాడు. నుదురు ముడిపడింది, పెదాలు రెండుసార్లు కదిలాయి.

"గుర్తులేదక్కా," అన్నాడు చివరికి. "యాంగ్జైటీ తగ్గింది అన్నారు."

లోపల్నుంచి భోజనాల గంట మోగింది. వాడు వెంటనే లేచాడు. ఆలస్యమైతే రాసుకుంటారన్నాడు. కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాడు, ముందున్నవాడి వీపుకు జానెడు దూరంలో. ఆమె కిటికీ కమ్మీల దగ్గర నిలబడి చూసింది. వాడు వెనక్కి తిరగలేదు. వడ్డించే మనిషి ఏదో హాస్యమాడితే వరసలో అందరూ నవ్వారు. వాడి ముఖం కదలలేదు. దానికి పెద్ద నర్సు ఎప్పుడో నవ్వుతూ చెప్పిన ఇస్త్రీ దుప్పటి మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి లోపలికి నెట్టేసింది.

వెళ్ళేముందు రిజిస్టరులో సంతకం పెట్టించుకునే ఆయా, "మీ తమ్ముడు బంగారమమ్మా. ఏ గొడవా లేదు. ఇక్కడ అందరికంటే నయం," అంది. సంతోషమమ్మా అంది ఆమె. తర్వాతి బస్సు మూడింటికి. బస్టాపులో నీడ లేదు. గంటసేపు ఎండలోనే నిలబడింది.